ముందు ఒక పుస్తకం పూర్తిగా చదవనిద్దాం, ఏ భాషలోనైనా సరే



గత నెల పేరెంట్స్ మీటింగ్ రోజు ఒక నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి, లేవబోతూ ఆగారు. ఆదోని పత్తి మార్కెట్లో పని చూసుకుని అటునుంచి అటే బస్సెక్కి వచ్చారు. "మేడం, మావోనికి ఇంగ్లీషు బాగా రావల్లంటే ఏ బుక్కు కొనియ్యల్ల? పేరు రాసియ్యండి" అని అడిగారు. నేనొక గ్రామర్ పుస్తకం పేరు రాసిచ్చాను. ఆయన ఆ చీటీని మడిచి జాగ్రత్తగా జేబులో పెట్టుకుని వెళ్లారు.

ఆ రోజు ఇంకో ఏడెనిమిది మంది అదే ప్రశ్న అడిగారు. అందరికీ అదే చీటీ రాసిచ్చాను. ఇంటికెళ్లాక నాకే మనసులో గుచ్చుకుంది. గ్రామర్ పుస్తకం చదివి చదువు మీద ఇష్టం పెంచుకున్న పిల్లల్ని నేనింతవరకు చూడలేదు. మరి ఎందుకు రాసిచ్చాను? అందరూ అదే ఆశిస్తారు కాబట్టి. ఆ రోజు ఇవ్వాల్సిన అసలు జవాబు ఈ నెల ఈ పేజీలో రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన పిల్లలకు ఇంగ్లిష్ రావాలంటే ముందు వాళ్లకు చదవడం అలవాటు కావాలి. ఆ అలవాటు, వాళ్లు నవ్వుకుంటూ, ఆపలేక చదివే పుస్తకంతోనే మొదలవుతుంది. ఆ పుస్తకం తెలుగులో ఉన్నా, కన్నడంలో ఉన్నా, ఉర్దూలో ఉన్నా ఫర్వాలేదు. ఇంగ్లిష్ టీచరై ఉండి ఈ మాట అంటున్నారేమిటని మీరు అనుకోవచ్చు. ఇంగ్లిష్ టీచర్ని కాబట్టే అంటున్నాను.

నేను చేసిన పొరపాటు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను లైబ్రరీ పీరియడ్‌కి ఒక నియమం పెట్టాను: ఇంగ్లిష్ పుస్తకాలు మాత్రమే తీసుకోవాలి. ఏడో తరగతిలో ఒక అబ్బాయి నాలుగు వారాలు ఒకే బొమ్మల పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఐదో వారం బెంచీ కింద ఏదో పెట్టుకుని కిసుక్కున నవ్వాడు. వెళ్లి చూస్తే ముళ్లపూడి వెంకటరమణ గారి 'బుడుగు'. ఎవరి ఇంట్లోంచి తెచ్చుకున్నాడో, అట్ట కూడా లేదు. నియమం నియమమే కదా, తీసేసుకున్నాను.

స్టాఫ్ రూమ్‌లో ఊరికే తిరగేద్దామని తెరిచి, బెల్లు కొట్టేదాకా చదువుతూనే ఉండిపోయాను. మర్నాడు పుస్తకం తిరిగిచ్చి, "ఇందులో నీకు నచ్చింది ఒకటి క్లాసుకి ఇంగ్లిష్‌లో చెప్పు, తప్పులొచ్చినా పర్లేదు" అన్నాను. అప్పటిదాకా "యెస్ మేడం", "నో మేడం" తప్ప మాట్లాడని పిల్లవాడు ఐదు నిమిషాలు చెప్పాడు. టెన్సులన్నీ కలగాపులగం. కానీ క్లాసంతా నవ్వింది. చెప్పడానికి తన దగ్గర ఒక విషయం ఉంది కాబట్టి భాష ఎలాగోలా వచ్చింది.

ఆ తర్వాత వాడి ఎఫ్‌ఏ మార్కులు ఒక్కసారిగా పెరిగాయని చెప్పను. ఎప్పుడూ వచ్చే మార్కులే వచ్చాయి. కానీ ఆ సంవత్సరం చివరికి వాడు లైబ్రరీ నుంచి తీసుకున్న పుస్తకాల్లో మూడు ఇంగ్లిష్‌వి ఉన్నాయి. ఎవరూ బలవంతం చేయలేదు.

నా సొంత కథ

నేను తెలుగు మీడియంలో చదివాను. 2009 అక్టోబరులో తుంగభద్ర వరద మన మంత్రాలయాన్ని ముంచినప్పుడు నేను ఏడో తరగతి. మీలో చాలామందికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. మా ఇంట్లో పుస్తకాలన్నీ బురదలో కలిసిపోయాయి. కొత్తవి వచ్చేదాకా మేం వెళ్లి ఉన్న బంధువుల ఇంటి అటక మీద పాత చందమామల కట్ట దొరికింది. చేయడానికి వేరే పనేమీ లేదు. ఆ కట్ట మొత్తం చదివాను, అయిపోతే మళ్లీ మొదటినుంచి చదివాను. తెలియని మాట వస్తే అడగడానికి ఎవరూ ఖాళీగా లేరు. ముందు వెనక మాటల్ని బట్టి ఊహించుకునేదాన్ని.

డిగ్రీలో మొదటిసారి ఇంగ్లిష్ నవల చేతికొచ్చినప్పుడు నాకు ఉపయోగపడింది ఆ అలవాటే. పేజీకి పది మాటలు తెలియవు. అయినా భయపడలేదు, ఎందుకంటే తెలియని మాటల్ని దాటుకుంటూ కథని పట్టుకోవడం నాకు అప్పటికే వచ్చు. సైకిల్ తొక్కడం వచ్చినవాళ్లకి స్కూటర్ మీద బ్యాలెన్స్ మళ్లీ నేర్పక్కర్లేదు. బ్రేకు ఎక్కడుందో, యాక్సిలరేటర్ ఎక్కడుందో చూపిస్తే చాలు. చదవడం కూడా అంతే.

ఇక నేను ఇష్టంగా చెప్పగలిగే పుస్తకాలు ఇవి. అన్నీ కొనాలని కాదు. మీ బిడ్డ స్వభావాన్ని బట్టి ఒక్కటి ఎంచుకోండి.

నవ్వించేవి

'బుడుగు' సంగతి చెప్పాను. బాపు బొమ్మలతో ఉంటుంది. పెద్దవాళ్లు తనని ఎంత విసిగిస్తారో ఒక గడుగ్గాయి తన మాటల్లో చెప్తుంటాడు. ఐదో తరగతి నుంచి ఎవరైనా చదవొచ్చు. బిగ్గరగా చదివితే ఇంకా బాగుంటుంది.

హైస్కూలు పిల్లలకి మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిస్టర్ పార్వతీశం'. మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రవాడు బారిస్టరు చదువుకని ఇంగ్లండు బయల్దేరతాడు. దొరల పద్ధతులేవీ తెలియవు. మద్రాసులో టోపీ కొనుక్కుంటే అది ఆడవాళ్ల టోపీ అని తర్వాత తెలుస్తుంది. ఇంగ్లిష్‌లో తప్పు మాట్లాడితే పరువు పోతుందని వణికిపోయే పిల్లలు ఈ పుస్తకం తప్పకుండా చదవాలి. వందేళ్ల కిందటే ఒకడు మన భయాలన్నీ పడి, అందరినీ నవ్వించి, చివరికి బారిస్టరయ్యాడని తెలిస్తే కొంత ధైర్యం వస్తుంది.

ఇంగ్లిష్‌లో మొదలుపెట్టేవాళ్లకి ఆర్.కె. నారాయణ్ 'స్వామి అండ్ ఫ్రెండ్స్'. 1935లో వచ్చింది. మాల్గుడి అనే ఊహల ఊరు, సోమవారం అంటే ఇష్టం లేని ఒక పిల్లవాడు, పరీక్షలు, క్రికెట్టు, కోప్పడే నాన్న. వాక్యాలు చిన్నవి, ఇంగ్లిష్ సులువు. ఏడు, ఎనిమిది తరగతులకు సరిపోతుంది. ఇంకా చిన్నవాళ్లకి రస్కిన్ బాండ్ 'ది బ్లూ అంబ్రెల్లా' ఇవ్వండి. ఒక కొండ పల్లె, ఒక పాప, ఆ పాప నీలం గొడుగు మీద ఊళ్లో దుకాణదారుడికి పుట్టిన ఆశ. ఒక ఆదివారంలో అయిపోతుంది.

మన లాంటి ఊళ్లు, మన లాంటి మాటలు

సత్యం శంకరమంచి గారి 'అమరావతి కథలు' వంద చిన్న కథలు. 1979లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. నది ఒడ్డున గుడి ఉన్న ఊరు, పూజారులు, పడవలవాళ్లు, ఉత్సవాలు, యాత్రికులు. అక్కడ కృష్ణ, ఇక్కడ తుంగభద్ర, అంతే తేడా అనిపిస్తుంది. 'వరద' అనే కథ చదివాక మీ పిల్లలకు 2009లో మీరు చూసింది చెప్పండి. వాళ్లు అప్పటికి పుట్టలేదు. ఊళ్లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో, ఎవరి మిద్దె మీద ఎవరు తలదాచుకున్నారో, ఎవరు ఎవరికి అన్నం పెట్టారో మీరు చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు?

మన రాయలసీమ యాసలో అచ్చులో కథలుంటాయని చాలామంది పిల్లలకు తెలియదు. తాము ఇంట్లో మాట్లాడేది తప్పు తెలుగు అనుకుంటారు. చిత్తూరు జిల్లా మాటలో నామిని గారు రాసిన 'మిట్టూరోడి కథలు', 'సినబ్బ కతలు' వాళ్ల చేతిలో పెట్టండి. కడప జిల్లా పల్లెల మీద కేతు విశ్వనాథరెడ్డి గారు రాసిన కథలకు 1996లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అవి పదో తరగతి దాటినవాళ్లకు, మీకు. కరువు, అప్పు, వలస మన పడమటి మండలాలకు కొత్త కాదు కాబట్టి అవి మీకు ఎవరూ వివరించక్కర్లేదు.

ఖదీర్‌బాబు గారి 'దర్గామిట్ట కథలు' నెల్లూరు జిల్లాలో ఒక ముస్లిం ఇంటి పిల్లవాడి బాల్యం. మన తరగతుల్లో అన్ని మతాల పిల్లలూ పక్కపక్కనే కూర్చుంటారు, టిఫిన్ బాక్సులు మార్చుకుంటారు. ఒకరి ఇంటి లోపల పండగ ఎలా జరుగుతుందో, చేతిలో డబ్బు లేనప్పుడు ఆ ఇంట్లో అమ్మ ఏం చేస్తుందో ఇంకొకరికి తెలియడం మంచిది కదా.

నిజంగా బతికినవాళ్ల కథలు

అబ్దుల్ కలాం గారి 'వింగ్స్ ఆఫ్ ఫైర్' 1999లో వచ్చింది. తెలుగులో 'ఒక విజేత ఆత్మకథ' పేరుతో దొరుకుతుంది. రాకెట్ల అధ్యాయాలు పిల్లలకు కొంచెం బరువు, వాటిని దాటేసినా నష్టం లేదు. మొదటి అధ్యాయాలు మాత్రం చదవాలి. యుద్ధం రోజుల్లో చింతగింజలు ఏరి అమ్మడం, రామేశ్వరంలో ఆగకుండా వెళ్లే రైల్లోంచి విసిరేసిన పేపరు కట్టలను పట్టుకోవడంలో సాయపడి మొదటి సంపాదన అందుకోవడం. మంత్రాలయం రోడ్డు స్టేషన్ చూస్తూ పెరిగే మన పిల్లలకు ఆ దృశ్యం ఇట్టే కళ్లకు కడుతుంది.

ఎనిమిదో తరగతి దాటిన ఆడపిల్లలకు 'ది డైరీ ఆఫ్ ఎ యంగ్ గర్ల్'. 1942లో పదమూడో పుట్టినరోజుకి కానుకగా వచ్చిన డైరీలో ఆన్ ఫ్రాంక్ తన భయాలు, అమ్మ మీద కోపాలు, చదువుకోవాలనే ఆశలు రాసుకుంది. హిట్లర్ కాలంలో యూదుల కుటుంబం దాక్కుని బతికిన కథ కాబట్టి, పిల్లలు చదివేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండి మాట్లాడడం అవసరం.

'రైలుబడి' పిల్లలకంటే ముందు మనం చదవాలి. తెత్సుకో కురోయానాగి అనే జపాన్ రచయిత్రి తన చిన్ననాటి బడి గురించి రాసింది. మొదటి బడిలోంచి అల్లరి పిల్ల అని పంపించేస్తే, పాత రైలు పెట్టెల్లో తరగతులు నడిచే ఇంకో బడిలో చేరుతుంది. అక్కడి హెడ్మాస్టరు కొబయాషి గారు మొదటి రోజే ఆ పాప చెప్పిందంతా గంటలకొద్దీ ఓపికగా వింటారు. అది చదివినప్పుడల్లా నేను సిగ్గుపడతాను. నలభై మంది ఉన్న తరగతిలో ఒక్క పిల్ల మాట ఐదు నిమిషాలైనా విన్నానా అని.

ప్రయాణం, పద్యం, సైన్సు

ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి 1831లో తిరిగి వచ్చారు. దారిలో చూసినదంతా రాశారు. 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. ఆయన అహోబిలం, శ్రీశైలం మీదుగా వెళ్లారు. అంటే మన పాత కర్నూలు జిల్లా దాదాపు రెండు వందల ఏళ్ల కిందట ఎలా ఉండేదో అందులో కనిపిస్తుంది. భాష పాతది కాబట్టి పిల్లలు ఒంటరిగా చదవలేరు. మ్యాపు పక్కన పెట్టుకుని మీరు రోజుకో పేజీ చదివి వినిపించండి.

పద్యాల్లో గుర్రం జాషువ గారి 'గబ్బిలం', 1941 నాటిది. ఇందులోనూ కాశీ ఉంది. ఊరు దూరం పెట్టిన ఒక పేదవాడు, గుడిలోకి తాను వెళ్లలేక, తన బాధని కాశీలోని శివుడికి చెప్పమని ఒక గబ్బిలాన్ని పంపుతాడు. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఒక్కో పద్యం నిదానంగా వినిపించండి. పుణ్యక్షేత్రంలో పెరిగే పిల్లలు, గుడి తలుపు ఎవరెవరికి మూసి ఉండేదో కూడా తెలుసుకోవాలి.

సైన్సులో మహీధర నళినీమోహన్ గారి 'క్యాలెండర్ కథ' లాంటివి వెతకండి. అరవింద్ గుప్తా పుస్తకాలు చేతులు ఊరుకోని పిల్లలకు. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో బొమ్మలు, ఆకారాలు చేయడం ఆయన నేర్పుతారు. ఆయన పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

డబ్బు, టైము, ఫోను

"ఫీజులకే సరిపోవడం లేదు, పుస్తకాలెక్కడ కొనాలి మేడం" అనేవాళ్లకు ఒక మాట. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం. అంటే ఆదోని, ఎమ్మిగనూరు శాఖా గ్రంథాలయాల్లోని పుస్తకాలకు మనం ఇప్పటికే డబ్బు ఇచ్చేశాం, తెచ్చుకోవడమే మిగిలింది. ఆంధ్రలో గ్రంథాలయోద్యమాన్ని నడిపించిన పెద్దల్లో ఒకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు 1883లో కర్నూలులోనే పుట్టారు. ఫోను చేతిలోంచి దిగని చిన్నపిల్లలకైతే, ఆ ఫోనులోనే 'స్టోరీవీవర్' తెరవండి. ప్రథమ్ బుక్స్ సంస్థ పెట్టిన ఆ సైటులో తెలుగు, కన్నడం, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్ బొమ్మల కథలు ఉచితం. ఒకే కథ రెండు భాషల్లో దొరికితే మొదట ఇంటి భాషలో, తర్వాత ఇంగ్లిష్‌లో చదివించి చూడండి.

"టైము ఎక్కడుంది" అన్నది న్యాయమైన ప్రశ్న. స్టడీ అవరు, హోంవర్కు, వీక్లీ టెస్టు అన్నీ పెట్టింది మేమే కాబట్టి ఇందులో మా వైపు తప్పూ ఉంది. నేను అడిగేది రోజుకి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో నీతి ఏమిటని అడగొద్దు, కొత్త పదాలు రాసుకోమనొద్దు, మీనింగ్స్ అప్పజెప్పించొద్దు. నచ్చకపోతే మధ్యలో ఆపేసి వేరేది తీసుకునే హక్కు కూడా ఇవ్వండి. పరీక్షగా మార్చిన క్షణంలో పుస్తకం ఇంకో సబ్జెక్టు అయిపోతుంది. మన పిల్లలకు ఉన్న సబ్జెక్టులు చాలు.

"మాకే చదువు రాదు, మేమేం చెప్తాం" అని ఎమ్మిగనూరు నుంచి వచ్చే ఒక అమ్మ నాతో అన్నారు. ఆ ఇంట్లో మగ్గం ఉంది. ఆ అమ్మకు నేను సుధామూర్తి గారి కథ చెప్పాను, 'హౌ ఐ టాట్ మై గ్రాండ్‌మదర్ టు రీడ్'. ఉత్తర కర్ణాటక పల్లెలో చదువురాని అవ్వకు మనవరాలు ప్రతివారం ఒక కన్నడ సీరియల్ చదివి వినిపిస్తుంటుంది. ఆ నవల పేరూ 'కాశీయాత్రె'. మనవరాలు పెళ్లికని వేరే ఊరు వెళ్లి ఆ వారం తిరిగి రాదు. పత్రిక చేతిలో ఉండీ చదువుకోలేక అవ్వ ఏడుస్తుంది. ఆ ఏడుపు అయ్యాక, అరవై దాటిన వయసులో అక్షరాలు నేర్చుకుని దసరాకి తానే చదువుతుంది, గురువని మనవరాలి కాళ్లకు మొక్కుతుంది.

ఆ అమ్మని నేను అక్షరాలు నేర్చుకోమనలేదు. "మీరు మగ్గం మీద ఉన్నప్పుడు పాపని పక్కన కూర్చుని కథ చదవమనండి, మీరు వినండి" అన్నాను. వినే మనిషి ఉంటే పిల్లలు చదువుతారు. ఉగ్గాని తాలింపు పెడుతూ వినొచ్చు, అంగడిలో గిరాకీ లేనప్పుడు వినొచ్చు. తర్వాత ఏమైందని అడగడానికి డిగ్రీ అక్కర్లేదు.

ఒక చిన్న కోరిక

నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. ఆ వారంలో ఒక్కరోజు పిల్లల్ని గ్రంథాలయానికి తీసుకెళ్లండి. వాళ్లు ఎంచుకున్న పుస్తకం ఏ భాషదైనా బ్యాగులో పెట్టి బడికి పంపండి. బడి టైంటేబుల్ మొత్తం మార్చే శక్తి నాకు లేదు. నా లైబ్రరీ పీరియడ్ వరకు మాత్రం మాట ఇస్తున్నాను: ఆ పుస్తకాన్ని ఇకమీదట ఎవరి చేతిలోంచీ లాక్కోను.

పత్తి మార్కెట్ నుంచి వచ్చిన ఆ నాన్నగారు ఇది చదువుతుంటే ఒక మనవి. సార్, మీ జేబులో ఉన్న ఆ చీటీ పక్కన పెట్టేయండి. మీ అబ్బాయికి నవ్వడం ఇష్టమా, సాహసాలు ఇష్టమా, ఏదైనా విప్పి చూడడం ఇష్టమా, వచ్చే మీటింగ్‌లో నాకు చెప్పండి. దాన్ని బట్టి ఇంకో చీటీ రాసిస్తాను.

మీ
ఇంగ్లిష్ ఉపాధ్యాయిని, మంత్రాలయం